చింతగింజల లెక్క

మా అమ్మకు లెక్కలు రావు. అక్షరాలైనా నలభై యేళ్ళు దాటిన తరువాత, వాడవాడకూ తిరిగి బైబిలు చదివి వినిపించే ఒక పెద్దమ్మగారి దగ్గర కూర్చుని కూడబలుక్కుని నేర్చుకున్నవే. అయినా ఆమె ప్రతిదినం తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి, బుడ్డిదీపం వెలుతురులో ఒక లెక్క చేసేది. పాత పౌడరు డబ్బా ఒకటి, అందులో కొన్ని చింతగింజలు. ఒక్కొక్క గింజ ఒక్కొక్క మనిషి. గింజను చేతిలోకి తీసుకుని, ఆ మనిషి పేరు చెప్పి, వారికి కావలసినదేదో రెండు ముక్కల్లో దేవునికి విన్నవించి, గింజను ప్రక్కనున్న సత్తుగిన్నెలో వేసేది. టక్కుమని చప్పుడు. మళ్ళీ ఇంకొక గింజ. నా బాల్యమంతా ఆ చప్పుడుతోనే తెల్లవారింది.

మాది బాప్టిస్టు సంఘం. జపమాలలవంటివి మాకు లేవు. ఒకసారి మా పాస్టరుగారు ఇంటికి వచ్చినప్పుడు ఆ డబ్బాను చూసి, "ఏమిటమ్మా ఇది, మన పద్ధతి కాదుగదా" అని మెల్లగా మందలించారు. అమ్మ నొచ్చుకోలేదు. "నాకు లెక్కలు రావయ్యగారూ. ఒకళ్ళని మర్చిపోయాననుకోండి, పాపం వాళ్ళకు నష్టంగదా" అన్నది. ఆయన నవ్వి, వెళ్ళేటప్పుడు, "అయితే నాకూ ఒక గింజ వెయ్యమ్మా" అని చెప్పి వెళ్ళారు.

అమ్మ చివరి రోజులనాటికి ఆ డబ్బాలో పంతొమ్మిది గింజలున్నవి. వాటిలో మొట్టమొదట చేతికి తీసుకునే గింజ నా తమ్ముడిది.

వాడు నాకంటె ఆరేళ్ళు చిన్నవాడు. 1981లో పదవ తరగతి తప్పాడు. అప్పటికి నాన్న లేరు. నాకు క్రొత్తగా ఉద్యోగం వచ్చింది. భాషాప్రవీణ చదివి పండితుణ్ణయ్యానన్న గర్వం కూడా ఉద్యోగంతోపాటే వచ్చింది. వీధిలో నలుగురు వింటుండగా, "నాకొక తమ్ముడున్నాడని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది" అన్నాను. ఆ రాత్రే వాడు ఇల్లు విడిచిపోయాడు. కొన్ని నెలలకు లారీ క్లీనరుగా పనిచేస్తున్నాడని తెలిసింది. తరువాత డ్రైవరయ్యాడు. తాగుడూ అలవడింది. పండుగకు రాడు, పబ్బానికి రాడు. ఎప్పుడైనా మనియార్డరు పంపేవాడు, ఉత్తరం ఉండేది కాదు.

ఆ నాటినుండి వాడి గింజ వరుసలో ముందుకు వచ్చింది. ఇరవై ఆరు సంవత్సరాలు, జ్వరం వచ్చినా, వాన కురిసి ఇంటికప్పు కారినా, ఆ గింజ ఉదయం నాలుగు గంటలకు గిన్నెలో పడకుండా ఒక్క రోజు గడవలేదు. 2007లో అమ్మ వెళ్ళిపోయింది. తమ్ముడు రాలేదు. కబురు అందిందో లేదో అప్పటికి మాకు తెలియదు.

అమ్మ పెట్టెలో నాకు దొరికిన ఆస్తి ఆ డబ్బా. ఇరవై ఆరేళ్ళు వ్రేళ్ళ మధ్య నలిగి తమ్ముడి గింజ నల్లరాయిలాగ నునుపెక్కి ఉంది. ఆమె పనిని నేను చేపట్టాను. మూడేళ్ళు చేశాను. తరువాత మానివేశాను.

ఎలా మానివేశానో చెప్పడానికే ఈ టపా మొదలుపెట్టాను. ఎందుకంటే, మానివేసిన రోజు ఏదీ లేదు. 'నేను ఇకమీదట ప్రార్థించను' అని నేను ఏనాడూ తీర్మానించుకోలేదు. దేవుడు లేడని అనుకోలేదు. ఒకనాడు స్పాట్ వాల్యుయేషనుకు వెళ్ళాలని తొందరపడి మానాను. ఒకనాడు నిద్ర చాలలేదని మానాను. ప్రార్థన కూర్చునే చేయాలా, బస్సులో వెళ్తూ చేస్తే దేవుడు వినడా అనుకున్నాను. బస్సులో ప్రక్కవారితో మాటలు సరిపోయేవి. చివరికి డబ్బా బీరువా పై అరకు చేరింది. ఆరేళ్ళు అక్కడే ఉంది. బీరువా తెరచినప్పుడల్లా దానిమీద చూపు పడకుండా తెరవడం నేర్చుకున్నాను.

నాకు వచ్చిన వ్యాధి పేరు అవిశ్వాసం కాదు. దాని పేరు విసుగు.

లూకా సువార్త 18వ అధ్యాయంలో ఒక విధవరాలు అన్యాయస్థుడైన న్యాయాధిపతి గుమ్మం విడువకుండా తిరిగి తిరిగి తన న్యాయం సాధించుకున్న ఉపమానం ఉన్నది. ఆ కథ చెప్పడానికి ముందే, ఇది ఎందుకు చెప్పబడిందో సువార్తికుడు వివరిస్తాడు. అక్కడ తెలుగు అనువాదకులు వాడిన మాట 'విసుకక'. ఎన్నోసార్లు చదివిన వాక్యమే. కానీ యేసు తన శిష్యుల విషయంలో ముందుగా భయపడింది ఈ విసుగును గురించేనని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. హింస వస్తుందని ఆయన వేరే చోట చెప్పాడు, సందేహాలు వస్తాయనీ ఎరుగును. కానీ ప్రార్థించే మనిషికి ఎదురయ్యే మొదటి శత్రువు విసుగు. గమనించండి, ఆ విధవరాలికి ఓదార్పు లేదు, దర్శనం లేదు, కనీసం మంచి న్యాయాధిపతియైనా లేడు. ఆమె దగ్గర ఉన్నది ఒక్కటే: రేపు మళ్ళీ రావడం.

ఈ వ్యాధిని బాగా పరీక్షించి లక్షణాలు వ్రాసిపెట్టినవాడు నాలుగవ శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలో నివసించిన ఎవాగ్రియస్ అనే సన్న్యాసి. గ్రీకులో దీనికి 'అకేడియా' అని పేరు. మధ్యాహ్నపు దయ్యమని కూడా అనేవారు. ఆయన వర్ణించిన తీరు చదివితే ఎడారిలోని గుహ కాదు, మన ఇల్లే కనిపిస్తుంది. సన్న్యాసి తన గదిలో కూర్చుని ఉంటాడు. ప్రొద్దు కదలదు. పగటికి యాభై గంటలున్నవా అనిపిస్తుంది. మాటిమాటికి కిటికీలోనుండి తొంగిచూస్తాడు, భోజనవేళ ఎంత దూరమో సూర్యుణ్ణి చూసి లెక్కవేస్తాడు, ఎవరైనా సోదరుడు పలకరించడానికి వస్తున్నాడేమోనని వెదుకుతాడు. తరువాత తానున్న చోటుమీదనే అసహ్యం పుడుతుంది. వేరొక చోటికి వెళ్తే ఇంతకంటె బాగుంటుందని తోస్తుంది. చివరికి దయ్యం ఒక వేదాంతం కూడా చెబుతుంది: దేవుణ్ణి సంతోషపెట్టడానికి ఒక స్థలమంటూ ఉన్నదా, ఎక్కడైనా ఆయనను ఆరాధించవచ్చును గదా అని.

ఆ చివరి మాట దగ్గర నేను ఉలిక్కిపడ్డాను. అది నా బస్సు ప్రార్థన. పదహారు వందల సంవత్సరాల క్రితం ఒక ఎడారిలో మనిషిని మోసగించిన వాదమే, ఒక్క అక్షరం మార్పు లేకుండా, తెలుగు పండితుణ్ణి కూడా మోసగించింది. విసుగు ఎప్పుడూ పాపం వేషంలో రాదు. సగం సత్యం వేషంలో వస్తుంది. అందుకే దానికి తలుపు తీస్తాము.

ఇక, పట్టుదల అనగానే మా పండితులకు వెంటనే స్ఫురించేది ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన భర్తృహరి సుభాషితం. విఘ్నాలకు భయపడి అసలు మొదలుపెట్టనివారు అధములు, మొదలుపెట్టి విఘ్నం రాగానే విడిచిపెట్టేవారు మధ్యములు, ఎన్ని విఘ్నాలు వచ్చినా కొనసాగించేవారు ఉత్తములు అని దాని తాత్పర్యం. ముప్ఫై అయిదేళ్ళు ఆ పద్యాన్ని పిల్లలకు చెప్పాను. నిర్వాహకులుగా నిలబడమని ఉపదేశించాను. నేను మాత్రం పద్యంలోని రెండవ పాదందగ్గర ఆగిపోయిన మధ్యముణ్ణి.

సుభాషితం చెప్పినదానిలో దోషమేమీ లేదు. అయితే క్రొత్త నిబంధన చెప్పే పట్టుదల దానికి సరిగ్గా సమానం కాదని ఇప్పుడు నాకు అనిపిస్తుంది. గ్రీకు మూలంలో ఆ మాట 'హుపొమొనే'. 'హుపొ' అంటే క్రింద, 'మొనే' అంటే నిలిచి ఉండడం. బరువు క్రింద నిలిచి ఉండడం, పారిపోకుండా ఉండడం. కొండ ఎక్కి జెండా నాటిన వీరుడి చిత్రం కాదు ఇది. పైకప్పు మోస్తున్న స్తంభం చిత్రం. స్తంభం ఏమీ చేస్తున్నట్లు కనబడదు. అది ప్రక్కకు తప్పుకున్న నాడు గాని అది ఏమి చేస్తున్నదో ఇంట్లోవారికి తెలియదు.

ఈ మాటను తెలుగు బైబిలులో కొన్నిచోట్ల ఓర్పు అనీ కొన్నిచోట్ల ఓపిక అనీ అనువదించారు. ఓపిక అనే తెలుగు మాట గొప్పది. 'ఒంట్లో ఓపిక లేదు' అంటే బలం లేదని అర్థం. 'కాస్త ఓపిక పట్టు' అంటే సహించమని అర్థం. ఓపడం అంటే మోయగలగడం. బలమూ సహనమూ రెండు వేర్వేరు గుణాలు కావనీ, మోయగలగడమే బలమనీ మన భాష ఏనాడో గ్రహించింది. విత్తువాని ఉపమానంలో మంచి నేలకు యేసు చెప్పిన లక్షణం కూడా ఇదే. రాతినేలమీద పడిన విత్తనం కూడా సంతోషంగానే మొలుస్తుంది, ఇంకా చెప్పాలంటే త్వరగా మొలుస్తుంది. మంచి నేల ప్రత్యేకత మొలిపించడంలో లేదు, ఓపికతో ఫలింపజేయడంలో ఉన్నది.

ఈ ఓపికను గురించి తలచుకున్నప్పుడల్లా ఆ ప్రాంతపువాడిని గనుక నాకు ఒంగోలులోని ప్రార్థన కొండ గుర్తుకు వస్తుంది. ఆ కథ మా సంఘాల్లో ఏటా చెప్పుకునేదే. కానీ మేము సాధారణంగా దాని చివరినుండి మొదలుపెడతాము. నేను మొదటినుండి చెబుతాను.

అమెరికా బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో భార్యతో తెలుగుదేశానికి వచ్చాడు. 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్ళు గడిచినా చేరినవారు వ్రేళ్ళమీద లెక్కించదగినంతమందే. బర్మాలో అదే సంస్థవారి పని విస్తరిస్తున్నది, తెలుగుదేశంలో మాత్రం పటంమీద ఒక్క నెల్లూరే. 1853లో అమెరికాలోని ఆల్బనీ నగరంలో జరిగిన సభలో ఈ మిషనును మూసివేయాలన్న ప్రసక్తి వచ్చింది. పటంలో ఒంటరిగా కనబడుతున్న ఆ గుర్తును ఎవరో 'ఒంటరి తార' అన్నారు. ఆ మాట పట్టుకుని ఎస్. ఎఫ్. స్మిత్ అనే కవి ఆ రాత్రి ఒక గీతం వ్రాశాడు. దానితో సభ్యుల మనస్సు మారి మిషను నిలిచింది. ఆ ఏడాదే డే ఆరోగ్యం చెడి స్వదేశానికి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున, డే సహచరుడు లైమన్ జెవెట్, ఆయన భార్య, నర్సు అనే తెలుగు బోధకుడు, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు, మొత్తం అయిదుగురు ఒంగోలులోని కొండ ఎక్కి, క్రింద కనబడుతున్న ఊరికోసం ప్రార్థించారు. ఒక పనివానిని పంపమని అడిగారు. ప్రార్థన ముగించి కొండ దిగారు. ఏమీ జరగలేదు. ఒక ఏడాది కాదు, రెండేళ్ళు కాదు, పన్నెండేళ్ళు ఒంగోలుకు ఎవరూ రాలేదు.

1862లో మళ్ళీ మిషను మూసివేత చర్చకు వచ్చింది. అప్పుడు అమెరికా వచ్చిన జెవెట్, మీరు పంపకపోతే నేనొక్కడినే తిరిగి వెళ్తానన్నాడు. అంతగా వెళ్ళదలిస్తే, చనిపోయినప్పుడు పాతిపెట్టడానికైనా తోడు ఒకరిని పంపక తప్పదన్న అర్థంలో సంస్థ కార్యదర్శి జవాబిచ్చాడని చెబుతారు. ఆ తోడుగా వచ్చినవాడు జాన్ క్లౌ. మా ముసలివాళ్ళ నోట క్లౌ దొర. 1865లో జెవెట్‌తో కలిసి వచ్చి, 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిదిమంది.

తరువాతిది అందరికీ తెలిసినదే. 1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశాన్ని పీల్చివేసిన ధాత కరువు. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ త్రవ్వకం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి కల్పించాడు. కూడుకోసం మతం పుచ్చుకున్నారన్న నింద అప్పుడూ ఉన్నది, ఇప్పుడూ ఉన్నది. ఆ అనుమానం ఆయనకూ ఉండబట్టే, కరువు సహాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఇవ్వకుండా ఆపివేశాడు. అవి తిరిగి ప్రారంభించాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వేలంపల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు.

మా ఉపదేశకులు ఈ సంఖ్య దగ్గర గొంతు పెంచుతారు. 'చూశారా, పట్టు విడువకపోతే ఇంత ఫలం' అంటారు. నేనూ ఆదివారపు బడిలో పిల్లలకు అలాగే చెప్పాను. కానీ శామ్యూల్ డే 1871లోనే అమెరికాలో కన్నుమూశాడు. వేలంపల్లికి ఏడేళ్ళ ముందు. ఆయన చూసినది 2,222 కాదు. ఆయన చూసినది ఒంటరి తార. ఫలాన్నిబట్టి పట్టుదలను విలువకడితే డే ఒక విఫలుడు. ఒకవేళ వేలంపల్లి అసలు జరగకపోయి ఉంటే ఆ కొండమీది ప్రార్థన వ్యర్థమేనా? 'కాదు' అని నేను ఇప్పుడు చెప్పగలను. బీరువాలో డబ్బా పెట్టినప్పుడు మాత్రం చెప్పలేకపోయాను. అప్పుడు నేను ఫలం లెక్కవేస్తున్నాను. మూడేళ్ళు పెట్టుబడి పెట్టాను, రాబడి లేదు, కాబట్టి దుకాణం మూశాను. అమ్మకు లెక్కలు రాకపోవడంలోని భాగ్యం అదే కాబోలు.

ఇంకొక సంగతి. నదిలో దిగడం ఒక్క రోజు పని. తరువాత ఏమయింది? ఆ వచ్చినవారు చాలావరకు మాదిగ కుటుంబాలవారు, మా పూర్వులు. క్లౌ దొర వారికి ముఖ్యంగా మూడు నియమాలు చెప్పాడు. ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలకు మ్రొక్కరాదు. వినడానికి చిన్న నియమాలు. కానీ పల్లెలో మోటకు తోలు తొడిగేవాడు, చెప్పులు కుట్టేవాడు, జాతరలో డప్పు కొట్టేవాడు 'నేను ఆదివారం రాను, జాతరకు డప్పు పట్టను' అంటే ఊరు ఊరుకుంటుందా? వారి పని మీద ఊరికి హక్కు ఉన్నదనుకునే కాలమది. కళ్ళం దగ్గర దక్కే గింజలు తెగిపోవచ్చు, బావి దగ్గరికి రానివ్వకపోవచ్చు, దెబ్బలూ తగలవచ్చు. అలా జరిగిన చోట్లూ ఉన్నవి.

ఏడాదికి యాభై రెండు ఆదివారాలు. ప్రతి ఆదివారమూ మళ్ళీ మొదటినుండి 'రాను' అని చెప్పాలి. నిన్నటి ధైర్యం నేటికి చెల్లదు. ఏ సభలోనూ ఎవరూ వారిపై గీతం వ్రాయలేదు. కానీ ఒంగోలు ప్రాంతంలో క్రైస్తవ విశ్వాసం నిలిచిందంటే 1878 జూలై 3వ తేదీవల్ల కాదు, ఆ తరువాతి ఆదివారాలవల్ల నిలిచింది. మా అమ్మ అమ్మమ్మ ఆ ఆదివారాల మనిషి. చింతగింజల ఓపిక ఎక్కడినుండి వచ్చిందో నాకు తెలుసు.

ఇంత తెలిసినా డబ్బా మాత్రం బీరువాలోనే ఉన్నది. తెలివి మనిషిని నాలుగు గంటలకు లేపదు.

2016లో అమ్మ పేరిట ఉన్న మూడు సెంట్ల స్థలం అమ్మవలసి వచ్చింది. రిజిస్ట్రేషనుకు తమ్ముడి సంతకం కావాలన్నారు. ఆచూకీ తీయగా విజయవాడ ఆటోనగరులో ఒక షెడ్డు దగ్గర ఉంటున్నాడని తెలిసింది. వెళ్ళాను. ప్రేమతో వెళ్ళానని వ్రాస్తే అబద్ధం. కాగితాలతో వెళ్ళాను.

వాడు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "కూర్చో అన్నా" అని టైరు మీద గోనెపట్టా పరచాడు. టీ తెప్పించాడు. నెరిసిన గడ్డం, వణికే చేతులు. పొద్దున్నే తాగినట్లు వాసన వస్తున్నది. కాగితాలు చదవకుండానే సంతకం పెట్టాడు. వాటా సంగతి చెప్పబోతే చేయి అడ్డం పెట్టాడు. కాసేపు ఇద్దరమూ ఏమీ మాట్లాడలేదు. తరువాత అడిగాడు.

"అమ్మ గింజలు ఏమైనయ్ అన్నా?"

"నా దగ్గరే ఉన్నయ్."

"నాది ఉందా?"

"ఉందిరా. ముందు నీదే తీసేది."

వాడు తల ఊపాడు. "తెల్లారగట్ల నాలుగింటికి బండి తీసేవాణ్ణి. ఏ రోడ్డు మీద ఉన్నా, ఇప్పుడు అమ్మ నా గింజ తీసుంటది అనుకునేవాణ్ణి. ఆమె పోయిందని నాలుగు నెలలకు తెలిసింది. అయినా ఆ అలవాటు పోలా." టీ గ్లాసు క్రింద పెట్టి, మామూలుగా, మరేదో అడిగినట్లు అడిగాడు. "ఇప్పుడు ఎవరు చేస్తన్నారు నాకోసం?"

నేను జీవితంలో ఎన్నో ప్రశ్నలకు జవాబు చెప్పాను. ఆ ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"ఎవరూ చెయ్యట్లేదురా."

వాడికి కోపం రాలేదు. "పోన్లే అన్నా" అన్నాడు. "ఆమె చేసింది ఇంకా కొన్నాళ్ళు వస్తదిలే."

బస్టాండుదాకా నన్ను సాగనంపాడు. ఎక్కబోతూ, ముప్ఫై అయిదేళ్ళుగా గొంతులో ఉన్న మాటను బయటికి తెచ్చాను. "ఆ రోజు వీధిలో నేనన్న మాట..." అన్నాను. వాడు నన్ను పూర్తిచేయనివ్వలేదు. "అన్నీ గుర్తుపెట్టుకుంటే బండి నడవదన్నా" అన్నాడు.

తప్పిపోయిన కుమారుని కథలో పెద్దకొడుకు ఇంట్లోనే ఉన్నాడు, ఏ ఆజ్ఞా మీరలేదు. దారి చూస్తూ నిలబడినవాడు మాత్రం తండ్రి. మా ఇంట్లో అమ్మ దారి చూసింది. ఆమె తరువాత ఆ చోటు ఖాళీగా ఉన్నది. ఆ చోటులో నిలబడవలసినవాడు పొలంలోనుండి వచ్చి గుమ్మం బయట లెక్కలు వేసుకుంటూ నిలుచున్నాడు.

మరునాడు ఉదయం డబ్బా దింపాను. మూత తుప్పు పట్టి రాలేదు, చాకుతో తీయవలసి వచ్చింది.

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. తమ్ముడు మారిపోయాడని, గుడికి వస్తున్నాడని వ్రాస్తే చదివేవారికి తృప్తిగా ఉంటుంది. కానీ అలా జరగలేదు. వాడు ఇంకా తాగుతూనే ఉన్నాడు. క్రిస్మసుకు ఫోను చేస్తాడు, రెండు నిమిషాలు మాట్లాడుతాడు, చివర "లేస్తన్నావా?" అని అడుగుతాడు. "లేస్తున్నానురా" అంటాను. అంతే.

నాకు విసుగు పోయిందనుకోకండి. వారంలో మూడు నాలుగు రోజులు నోట పేరు తప్ప మరేమీ రాదు. దేవుడు వింటున్నాడన్న అనుభూతి లేదు, కన్నీళ్ళు లేవు, మోకాళ్ళు వంగవు గనుక కుర్చీలో కూర్చుంటాను. ఇదివరకు అటువంటి రోజులను చూసి, ఇది ప్రార్థనే కాదు, కపటమని మానివేసేవాడిని. ఇప్పుడు గింజను గిన్నెలో వేస్తాను. నా మనస్సు రాకపోయినా నా చేయి వచ్చింది గదా. ఎవరో ఒక రోడ్డు మీద నాలుగు గంటలకు ఆ చప్పుడును నమ్ముకుని బండి తీస్తున్నప్పుడు, నాకు ఆ ఉదయం అనుభూతి కలిగిందా లేదా అన్నది పెద్ద విషయం కాదు.

పట్టుదల అంటే నేను దేవుణ్ణి గట్టిగా పట్టుకోవడమని ఇదివరకు బోధించేవాడిని. నా పట్టు ఎంతటిదో ఆ ఆరేళ్ళలో తేలిపోయింది. పడిపోనివాణ్ణి గురించి నాకు తెలియదు. పడి, మూత తుప్పు పట్టిన డబ్బాను చాకుతో తెరిచినవాణ్ణి గురించి మాత్రమే చెప్పగలను. మానివేసిన ఆరేళ్ళకు లెక్క అడగకుండా ఆయన మళ్ళీ నన్ను కూర్చోనిచ్చాడు. పట్టుదలలో సగభాగం, కావచ్చు ముక్కాలు భాగం, ఆయనదే.

ఇప్పుడు డబ్బాలో పద్నాలుగు గింజలున్నవి. అమ్మ పంతొమ్మిదిలో కొందరు కాలం చేశారు, కొందరు క్రొత్తవారు చేరారు. మా పాస్టరుగారి గింజ తీసివేయవలసి వచ్చింది. తమ్ముడిది ఇంకా మొదటిదే. తెల్లవారితే నాలుగు గంటలకు మళ్ళీ తీయాలి. ప్రొద్దుపోయింది, ఇక పడుకుంటాను.